వీపీఎన్ ఆన్‌లోనే ఉంది, కెమెరా మాత్రం రాదు

తిరుపతిలో ఇల్లు, చెన్నైలో ఉద్యోగం. లేదంటే చిత్తూరు టౌన్లో కాపురం, బంగారుపాళెం దగ్గర మామిడి తోటలో మోటారు షెడ్డుకు రెండు కెమెరాలు. నాకు వచ్చే ఫోన్లు దాదాపు ఈ రెండు రకాల వాళ్లవే. ఇంట్లో వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి) పెట్టుకుని దాని గుండా డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) చూసుకోవాలనుకోవడం మంచి పని. డీవీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం ఎంత ప్రమాదమో 2016లో మిరాయ్ మాల్వేర్ చూపించింది. డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ పట్టుకునే అది పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది.

ఇక్కడ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకున్నారనే అనుకుని చెబుతున్నాను. రౌటర్ పేజీలోకి వెళ్లడం, డీవీఆర్ మెనూ తెరవడం మీకు వచ్చు. పని చేయకపోతే మాత్రం అన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచి పెట్టకండి. కీలు (రెండు వైపులా ఒకరినొకరు గుర్తుపట్టే రహస్య సంకేతాలు) కొత్తవి వస్తాయి, తప్పు పాతదే ఉంటుంది.

ఇంకో మాట. ఇంటి వైఫైలో కూర్చుని టెస్ట్ చేయకండి. వైఫై ఆపి, మొబైల్ డేటా మీద చూడండి. నిన్న కాక మొన్న ఒకాయన గంటసేపు నాతో ఫోన్లో మాట్లాడాక చెప్పాడు, "వైఫై ఆన్‌లోనే ఉందన్నా" అని. ఇంటి లోపలి నుంచి ఇంటి పబ్లిక్ ఐపీకి (బయటి ఇంటర్నెట్‌కి కనిపించే చిరునామా) వెళ్లడం కొన్ని రౌటర్లకు చేతకాదు. అప్పుడు బాగున్న సెటప్ కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

యాప్‌లో ఆన్ అయింది, ఏ పేజీ రావడం లేదు

వైర్‌గార్డ్‌లో బటన్ నొక్కగానే ఆన్ అయిపోతుంది, ఫోన్ పైన తాళంచెవి గుర్తు కూడా వచ్చేస్తుంది. అవతల ఎవరూ లేకపోయినా వస్తుంది. దాన్ని నమ్మకండి. యాప్‌లో ఆ టన్నెల్ పేరు మీద నొక్కితే ఎంత డేటా పోయింది, ఎంత వచ్చింది అని రెండు అంకెలు కనిపిస్తాయి. పోయింది పెరుగుతూ, వచ్చింది సున్నా దగ్గరే ఉంటే మీ మాట ఇంటిదాకా చేరనే లేదు.

ఇప్పుడు అందరూ వదిలేసే చెక్ చేయండి. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ వైపు మీ రౌటర్‌కి ఉన్న చిరునామా) ఏముందో కాగితం మీద రాసుకోండి. వీపీఎన్ ఆపి, అదే ఇంటి వైఫై మీద గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' కొట్టండి. రెండూ ఒకటేనా? వేరైతే తప్పు ఇక్కడే. (పొడుగ్గా, మధ్యలో అక్షరాలతో వస్తే అది ఐపీవీ6. మనకు కావలసింది మధ్యలో చుక్కలతో నాలుగు సంఖ్యలుండే ఐపీవీ4.) వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే, నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. సీజీనాట్ అంటారు. పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలికి పంపే తలుపు తెరవడం) ఎన్నిసార్లు చేసినా లాభం లేదు, ఎందుకంటే ఆ తలుపు మీ ఇంట్లో లేదు. నెలనెలా కాస్త ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) తీసుకోండి. లేదా ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద టెయిల్‌స్కేల్ (పోర్టు తెరవకుండానే పనిచేసే వీపీఎన్) పెట్టి, దాన్నే సబ్‌నెట్ రౌటర్, అంటే ఇంటి నెట్‌వర్క్ మొత్తానికి దారి, చేయండి. అలా చేస్తే వాళ్ల అడ్మిన్ పేజీలో ఆ రూట్‌ను ఆమోదించడం మర్చిపోకండి. సగం మంది అక్కడే ఆగిపోతారు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే మీ రౌటర్ ముందు ఫైబర్ బాక్స్ ఇంకో రౌటర్‌లా కూర్చుంది. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ను నేరుగా మీ రౌటర్‌కి ఇచ్చేలా) పెట్టించండి, లేదా అందులోనూ వైర్‌గార్డ్ మామూలుగా వాడే 51820 యూడీపీ పోర్టును మీ రౌటర్‌కి ఫార్వార్డ్ చేయండి. యూడీపీ అనే మాట గమనించండి, చాలామంది టీసీపీ పెట్టి కూర్చుంటారు. పోర్టు తెరుచుకుందా అని చెప్పే వెబ్‌సైట్లు ఇక్కడ పనికిరావు. సరైన కీ లేని వాళ్లకు వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు.

ఒకచోట వస్తుంది, ఇంకోచోట రాదు

మొబైల్ డేటాలో వస్తుంది, అత్తగారింటి వైఫైలో రాదు. రెండు ఇళ్లలోనూ నెట్‌వర్క్ 192.168.1 అయి ఉంటుంది. ఫోన్ డీవీఆర్‌ను అత్తగారింట్లోనే వెతుకుతోంది. మీ ఇంటి నెట్‌వర్క్‌ను 192.168.57 లాంటి, ఎవరూ వాడని అంకెకు మార్చేయండి. తర్వాత ఫోన్లోని వైర్‌గార్డ్ యాప్‌లో అలోడ్ ఐపీస్ (ఏ చిరునామాలు టన్నెల్ గుండా పోవాలో చెప్పే గడి) దగ్గర కూడా ఆ అంకె మార్చాలి.

మార్చమని తేలిగ్గా చెప్పేశాను కానీ, నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

రౌటర్ పేజీ వస్తుంది, డీవీఆర్ మాత్రం రాదు

తిరుచానూరు రోడ్డులో యాత్రికులకు గదులు అద్దెకిచ్చే ఒకాయన, ఉండేది చెన్నైలో. ఆయన ఫ్లాట్‌లోనూ 192.168.1 ఉండటంతో, ఇక్కడ గదుల దగ్గర రౌటర్‌ను 192.168.57.1కి మార్చాను. వైర్‌గార్డ్ ఆ రౌటర్‌లోనే ఉంది. డీవీఆర్ దగ్గర స్టూలు మీద కూర్చుని, మౌస్‌తో ఐపీని 192.168.57.108 చేసి సేవ్ కొట్టాను. కౌంటర్ దగ్గర టీవీలో బొమ్మ వచ్చింది, మేనేజరు ఫోన్లో వైఫై మీద వచ్చింది. టీ తాగి వచ్చేశాను.

రాత్రి ఫోన్. "ఏమప్పా, నాకు ఒక్క కెమెరా రాలేదే." ఆయన ఫోన్లో డేటా వస్తోంది, పోతోంది. రౌటర్ పేజీ కూడా తెరుచుకుంటోంది. డీవీఆర్ ఒక్కటే లేదు. మర్నాడు వెళ్లి రౌటర్ డయాగ్నస్టిక్స్ పేజీ నుంచి డీవీఆర్‌ను పింగ్ చేశాను, అంటే ఉన్నావా అని పిలిచి చూశాను, వెంటనే పలికింది. డీవీఆర్ బాగుంది, వీపీఎన్ బాగుంది, మరి తప్పు ఎక్కడ? ఫైర్‌వాల్ ఆపి చూశాను. ఎంటీయూ (ఒకసారికి పంపే డేటా ముక్క సైజు) తగ్గించాను. కేబుల్ మార్చాను. రెండు సాయంత్రాలు పోయాయి.

డీవీఆర్‌లో గేట్‌వే (బయటికి పోవడానికి వాడే రౌటర్ చిరునామా) 192.168.1.1 అనే ఉంది. పాతది. నేను ఐపీ గడి మార్చి, దాని కింద రెండు గడుల తర్వాత ఉన్నదాన్ని చూడలేదు. కొన్ని డీవీఆర్‌లు ఇలాంటి తప్పు పెడితే సేవ్ చేయనివ్వవు. ఇది కిక్కురుమనకుండా తీసుకుంది.

జరిగేది ఇది. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్ అడిగితే, అది తన వీధి మనిషే కాబట్టి డీవీఆర్ నేరుగా చేతికిస్తుంది. గేట్‌వేతో పనే లేదు. రౌటర్ నుంచి పింగ్ చేసినా అంతే, రౌటర్ కూడా అదే వీధి. వీపీఎన్ మీద వచ్చిన ఫోన్ చిరునామా మాత్రం 10.8.0.2 లాంటిది, పక్క ఊరు. పక్క ఊరికి ఉత్తరం గేట్‌వే ద్వారానే పోవాలి. ఆ గేట్‌వే చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. అడిగిన మాట డీవీఆర్‌కి చేరుతోంది, దాని జవాబే తిరిగి రావడం లేదు.

అందుకే రౌటర్ నుంచి పింగ్ పలికిందని డీవీఆర్‌ను వదిలేయకండి. వీపీఎన్ మీదున్న ఫోన్ నుంచి కూడా పింగ్ చేయండి. మొదటిది పలికి రెండోది పలకకపోతే నేరుగా డీవీఆర్ నెట్‌వర్క్ మెనూకి వెళ్లి గేట్‌వే గడి చూడండి. ఖాళీగా ఉందా, 0.0.0.0 ఉందా, పాత రౌటర్ ఉందా? ఇప్పటి రౌటర్ ఐపీ పెట్టండి. ఇంకా మేలు, డీవీఆర్‌లో డీహెచ్‌సీపీ (రౌటరే చిరునామాలు ఇచ్చే పద్ధతి) ఆన్ చేసి, రౌటర్‌లో దానికి ఒక ఐపీ రిజర్వ్ చేయండి. అప్పుడు గేట్‌వే దానంతటదే మారుతుంది.

ఇంకో ఆనవాలు కూడా ఉంది, నేను మొదటి సాయంత్రమే చూసి పట్టించుకోనిది. కెమెరా బొమ్మ మూలన టైమ్ పదకొండు నిమిషాలు వెనక ఉంది. పాత నెట్ ఉన్నప్పుడే ఆ గేట్‌వే తప్పి ఉండాలి, లేదా నెట్ టైమ్ ఎప్పుడూ పెట్టి ఉండకపోవచ్చు. ఏదైనా సరే, డీవీఆర్ గడియారం తప్పి ఉంటే అది బయటి ప్రపంచంతో మాట్లాడటం లేదేమోనని అనుమానించాలి. కంపెనీ క్లౌడ్ యాప్ వాడి ఉంటే అదీ ఆఫ్‌లైన్ అని చూపించేది. భద్రత కోసమని దాన్ని నేనే ఆపించాను.

వీపీఎన్ రౌటర్‌లో కాకుండా విడిగా రాస్ప్‌బెర్రీ పై మీద ఉంటే ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది. గేట్‌వే సరిగ్గానే ఉంటుంది, కానీ ఆ రౌటర్‌కి 10.8.0 అనేది ఎక్కడుందో తెలియదు. ఆ రాస్ప్‌బెర్రీ పై మీద మాస్కరేడ్ (వచ్చిన మాటను తన చిరునామాతో పంపడం) ఆన్ చేయండి, లేదా ఆ నెట్‌వర్క్‌కి దారి రాస్ప్‌బెర్రీ పై గుండా అని రౌటర్‌లో స్టాటిక్ రూట్ రాయండి. మాస్కరేడ్ ఉంటే డీవీఆర్‌కి అడిగింది రాస్ప్‌బెర్రీ పై అనే అనిపిస్తుంది. గేట్‌వే తప్పున్నా బొమ్మ వస్తుంది. లినక్స్ మీద టెయిల్‌స్కేల్ డీఫాల్ట్‌గా చేసేదీ ఇదే.

మిగతావి

కరెంటు పోయి వచ్చాక రాకపోతే: పబ్లిక్ ఐపీ మారి ఉండవచ్చు. డైనమిక్ డీఎన్ఎస్ పేరు (ఐపీ మారినా వెంట వచ్చే పేరు) పెట్టుకోండి. పెట్టుకున్నాక కూడా ఫోన్లో టన్నెల్ ఒకసారి ఆపి ఆన్ చేయాలి, ఎందుకంటే ఆన్ చేసేటప్పుడే అది పేరును ఐపీగా మార్చుకుంటుంది.

డీవీఆర్ పేజీ వచ్చి వీడియో తిరుగుతూనే ఉంటే ముందు సబ్ స్ట్రీమ్‌కి (తక్కువ డేటా తీసుకునే చిన్న వీడియో) మార్చండి. అప్పటికీ రాకపోతే ఎంటీయూ 1280 పెట్టి చూడండి. ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాల రికార్డర్) వెనక పీఓఈ పోర్టుల్లో (కేబుల్ మీదే కరెంటు ఇచ్చేవి) గుచ్చిన కెమెరాలు వాటి సొంత నెట్‌వర్క్‌లో ఉంటాయి, వాటి ఐపీ నేరుగా కొడితే రావు. ఎన్‌వీఆర్ గుండానే చూడాలి. కీలు తారుమారవడం, రాస్ప్‌బెర్రీ పైలో మెమరీ కార్డు పాడవడం నేను చాలా అరుదుగా చూశాను, చివర్లో చూసుకోండి.

బొమ్మ వచ్చిందని సంబరంలో రౌటర్ పేజీ మూసేయకండి. ఎప్పుడో తెరిచిన 80, 554, 8000, 37777 పోర్టుల ఫార్వార్డులు అక్కడే ఉంటాయి. వాటిని తీసేయండి, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునే సౌకర్యం) ఆపండి. జాబితాలో 51820 తప్ప ఇంకేదీ మిగలకూడదు.