ముడి విప్పే చోట మొదలుపెట్టండి

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ మీద నిషేధం పడింది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి. పోచంపల్లిలో మా చీరల షాపు పేజీ మాత్రం మడతపెట్టిన చీర ఫొటోల దగ్గరే ఆగింది. తర్వాత నేనూ రీల్స్ మొదలుపెట్టాను కానీ పాత అలవాటు పోలేదు. ముందు షాపు బోర్డు, ఆపైన నా నమస్కారం, పరిచయం. చీర కనబడేసరికి పన్నెండో సెకను. ఒకరోజు, వీడియో ఎలా నడిచిందో ఇన్‌స్టా లెక్కలు చూపే ఇన్‌సైట్స్ తెరిస్తే, ఎంతసేపు చూశారో చూపే గీత మూడో సెకనుకే జారుడుబండలా దిగిపోయింది. నా నమస్కారం దాకా ఎవరూ రాలేదన్నమాట.

అందుకే కొత్త వీడియో తీసే ముందు పాత పది రీల్స్‌లో ఆ గీత ఎక్కడ పడిందో కాగితం మీద రాసుకోండి. చూసేవాళ్లు నిలబడ్డ చోటు ఒకటి దొరుకుతుంది. కొత్త వీడియో అక్కడే మొదలవ్వాలి.

మాకు అది చిటికి, అంటే రంగు అంటకుండా నూలుకు వేసే కట్టు, విప్పే చోట దొరికింది. సైకిల్ ట్యూబు ముక్కలతో నూలును అక్కడక్కడ బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఆరాక ఆ రబ్బరు కోస్తుంటే ఎర్రటి నూలు మధ్యలోంచి తెల్లటి చుక్కలు బయటపడతాయి. "గిదేం చూస్తరే? దినాం చేసే పనే గదా" అంది అత్తమ్మ. ఆమెకు దినాం చేసే పనే, వరంగల్‌లో ఫోన్ పట్టుకున్నామెకు కాదు. బ్లేడు రబ్బరును తాకే క్షణంతోనే మొదలుపెట్టాను. పాట పెట్టలేదు, రబ్బరు తెగే చప్పుడు ఉంచాను. బస్సులోనో, పడుకున్న పిల్లాడి పక్కనో సౌండ్ లేకుండా చూసేవాళ్ల కోసం "ఇది ప్రింట్ కాదు, నూలుకే రంగు" అని తెర మీద రాశాను. రేటు కూడా రాసేశాను. రేటు దాచి మెసేజ్‌లు రప్పించడం నాకు నచ్చదు, అడిగి అడిగి విసుక్కునేది కొనేవాళ్లే.

ఏది ఆడినా కొన్నాళ్లే. చీరను తిరగేసి వెనకవైపూ అంతే గాఢంగా ఉన్న రంగు చూపించే రీల్ బాగా నడిచింది. తర్వాత మా వీధిలో అందరూ అదే తీశారు. లైకులు అలాగే ఉన్నా షేర్లు, సేవ్‌లు వరసగా మూడు వీడియోల్లో తగ్గితే నేను ఆ మొదలును పక్కన పెడతాను. కొత్తదాన్ని పరీక్షించేటప్పుడు ఒక్కటే మార్చండి. అదే చీర, అదే రాత్రి తొమ్మిదిన్నర, మొదటి షాట్ మాత్రం వేరు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఐడియా తోచకపోతే కామెంట్లు చదవండి. "ఉతికితే రంగు పోతదా?" అని ఒకామె అడిగితే బకెట్ ముందు పెట్టి ఉతికి చూపించాను.

శ్రావణానికీ బతుకమ్మకూ మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. పండుగ వారంలో అందరి రీల్సూ చీరలే.

రీల్ చూసినామె రేపు మనకు కనబడుతుందన్న నమ్మకం లేదు, అందుకే వాట్సాప్‌లోకి తెచ్చుకోవాలి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు అందులో ఉంటుంది. ఒక లిస్టులో 256 మంది పడతారు, కానీ మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు మెసేజ్ చేరదు. నేను బిల్లు రాసి, చీర కవర్లో పెట్టేలోపే "అక్కా, నంబరు సేవ్ చేస్కో" అని ఎదురుగానే చేయిస్తాను.