స్ట్రోక్ పెంచిన బుల్లెట్ ఎందుకు నిలవదు: సమస్య - పరిష్కారం

పాత 350 బుల్లెట్‌కి స్ట్రోక్ (సిలిండర్‌లో పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరం) పెంచాలనుకునే కోనసీమ, భీమవరం కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లెక్కలు యూసీఈ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) ఇంజిన్‌వి: బోర్ (సిలిండర్ వ్యాసం) 70, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, 346 సీసీ. క్రాంక్ పిన్‌ని (పిస్టన్ రాడ్ కింది చివర తగిలే పిన్‌ని) 2.5 మిల్లీమీటర్లు బయటికి జరిపితే స్ట్రోక్ 95 అవుతుంది. పెరిగేది 19 సీసీయే.

సమస్య: రావులపాలెంలో హైవే ఎక్కి తణుకు వైపు నిండా థ్రాటిల్ తిప్పి పోతే, సిద్ధాంతం వంతెన దాటేసరికి హ్యాండిల్ వణుకుతుంది, ఇంజిన్ అడుగు నుంచి టకటక మొదలవుతుంది.

కారణం: బిగ్ ఎండ్ బేరింగ్ (రాడ్ కింది చివర, క్రాంక్ పిన్ మీద తిరిగే బేరింగ్) దెబ్బతింటోంది. స్ట్రోక్‌ని మీటర్లలో తీసుకుని రెండుతోనూ, ఆర్‌పీఎంతోనూ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 60తో భాగించండి. సెకనుకి పిస్టన్ సగటున ఎన్ని మీటర్లు పోతుందో వస్తుంది. కంపెనీ ఇంజిన్ పూర్తి పవర్ ఇచ్చే 5,250 దగ్గర అది 15.75. అదే 95 స్ట్రోక్‌తో 6,500 తిప్పితే 20.6. రాడ్‌ని గుంజే బలం ఇంకా ఘోరం, అది ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 5,250 నుంచి 6,500కి పోతే ఆర్‌పీఎం పెరగడం ఒక్కదాని వల్లే ఒకటిన్నర రెట్లవుతుంది. స్ట్రోకూ కావాలి, ఆర్‌పీఎమ్మూ కావాలి అంటే రాడ్ తట్టుకోదండి.

పరిష్కారం: పిన్ జరిపాక క్రాంక్‌ని మళ్లీ బ్యాలెన్స్ చేయించారో లేదో ముందు అడగండి. వణుకు చాలాసార్లు అక్కడిదే. ఆపైన, కంపెనీ రాడ్, పిస్టన్ ఉన్న బండిని నేనైతే సెకనుకి 18 మీటర్లు దాటనివ్వను. అంటే 90 స్ట్రోక్‌కి 6,000, 95కి సుమారు 5,700.

సమస్య: ఎండలో ఇద్దరెక్కి వెళ్తుంటే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకోవడం వల్ల వచ్చే చప్పుడు).

కారణం: స్ట్రోక్ పెరిగితే పిస్టన్ పైకి కూడా 2.5 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. అది హెడ్‌కి (సిలిండర్ పై మూతకి), వాల్వులకి తగలకపోయినా, 8.5 ఉన్న కంప్రెషన్ నిష్పత్తి 11 అవుతుంది. మామూలు పెట్రోలుతో అంత కంప్రెషన్ ఈ ఇంజిన్‌కి పనికిరాదు.

పరిష్కారం: పిన్ రంధ్రం 2.5 పైకి ఉన్న పిస్టన్ వేయించండి. బ్యారెల్ (సిలిండర్ దిమ్మ) కింద 2.5 మందం ప్లేటు పెట్టడం చవకే గానీ నాకు నచ్చదు. వాల్వుల్ని తెరిచే పుష్‌రాడ్లు కూడా ఆ మేరకు పొడుగు కావాలి. పైగా పిస్టన్ 2.5 కిందికి దిగి, లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) 2.5 పైకి లేచేసరికి, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) అడుగున 5 మిల్లీమీటర్లు ఎక్కువ బయటపడుతుంది. కొన్నాళ్లకి వచ్చే స్కర్ట్ గీతలకి, నీలం పొగకి ఇదొక దారి. ఏ పద్ధతైనా సరే, బిగించే ముందు పిస్టన్ మీద సోల్డర్ తీగ పెట్టి, క్రాంక్‌ని చేత్తో తిప్పి, నలిగిన తీగ మందం కొలవండి, పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది.

ఇంకా పని మొదలెట్టనివాళ్లు 90 దగ్గరే ఉండిపోండి. హెడ్ పని చేయించుకోండి. ఇప్పటికే 95 చేయించినవాళ్లకి మన నేలే కలిసొస్తుంది. డెల్టాలో ఘాట్ ఎక్కే పని లేదు కాబట్టి ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను పెంచండి. కింద పెరిగిన లాగుడు ఆ గేరింగ్‌ని మోస్తుంది, అదే వేగానికి ఆర్‌పీఎం తగ్గుతుంది.