కత్తిరి ఎండలు రాకముందే: గ్లాస్ రెయిలింగ్ పెట్టించేవాళ్లు షాపులో ఈ ఒక్క మాట అడగండప్పా

పోయిన మే నెలలో కొర్లగుంటలో మా బావ వాళ్లింట్లో పై ఫ్లోర్ బాల్కనీ గ్లాస్ రాత్రి రెండు గంటలప్పుడు ఢామ్మని పేలింది, ఎవరూ ముట్టుకోలా, రాయీ పడలా, పొద్దున చూస్తే కింద కారు మీదంతా కలకండ ముక్కల మాదిరి గ్లాసు. మా అత్త దిష్టి అనింది, గ్లాస్ వేసిన షాపాయన ఎండకు పగిలింది సార్ మేమేం చేస్తాం అనేసినాడు. రెండూ కాదు.

ఆ బాల్కనీకి వేసింది టఫెండ్ గ్లాస్, అంటే సాదా గ్లాసునే 620 డిగ్రీల పైన కాల్చి గబాల్న గాలి కొట్టి చల్లారుస్తారు, పైపొర బిగుసుకుంటుంది, నడిమి పొర లాగుతా ఉంటుంది, అందుకే నాలుగైదు రెట్లు గట్టి. ఒకే గ్లాసులో చోటుకీ చోటుకీ 200 డిగ్రీల దాకా తేడా వచ్చినా తట్టుకుంటుంది, మన తిరుపతి 43 డిగ్రీలు దానికొక లెక్కా! అసలు దొంగ లోపల ఉండేది, నికెల్ సల్ఫైడ్ అని, అర ఎం.ఎం. కూడా ఉండని నలుసు, గ్లాస్ కరిగించేటప్పుడు చేరిపోతుంది, గ్లాస్ బాగున్నప్పుడు కంటికి ఆనదు. దీనికి 379 డిగ్రీల పైన ఒక రూపం, కింద ఇంకో రూపం. గబాల్న చల్లార్చేసరికి వేడి రూపంలోనే ఇరుక్కుపోయి, ఆ తర్వాత నెలలకో ఏళ్లకో మెల్లగా మారతా 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది, అది నడిమి పొరలో ఉంటే గ్లాసు మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. గ్లాస్ కాగితే ఆ మారేది కొంచెం స్పీడ్ అవుతుంది, షాపాయన మాటలో నిజం అంతమాత్రమే.

అందుకని అడగాల్సింది టఫెండేనా అని కాదు, హీట్ సోక్ చేసినారా అని. టఫెన్ చేసినాక మళ్లీ ఓవెన్‌లో పెట్టి 260 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచుతారు, యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 14179 పాత లెక్కలో అది 290 ఉండేది, 2016లో 260కి మార్చినారు. నలుసు ఉండే గ్లాస్ అక్కడే పగిలిపోతుంది, మన పిల్లోళ్ల నెత్తి మీద కాకుండా. ఆ 2 గంటలు లెక్కపెట్టేది ఓవెన్ గాలి వేడెక్కినప్పటి నుంచి కాదు, లోపల పెట్టిన ప్రతి గ్లాసూ ఆ వేడికి వచ్చినాక, ఇక్కడే చాలామంది కక్కుర్తి పడేది, కాబట్టి నోటి మాట వద్దు, మీ ఆర్డర్‌కు సంబంధించి ఓవెన్ వేడి, టైము చూపించే చార్టు కాగితం తీసుకోండి. ఇది చేసినా నూటికి నూరు గ్యారంటీ లేదు, రిస్క్ బాగా తగ్గుతుంది అంతే. అందుకే నెత్తి మీద వచ్చే చోట, అంటే పోర్టికో పైన, లాడ్జి ముందర కానోపీ, అక్కడ లామినేటెడ్ వేయించండి, రెండు గ్లాసుల మధ్య ఫిల్మ్ ఉంటుంది, పగిలినా ముక్కలు అతుక్కోని ఉంటాయి.

హోల్స్, కటింగ్, ఎడ్జ్ పాలిష్ అన్నీ టఫెన్ చేయకముందే అయిపోవల్ల, సైట్‌లో కొంచెం గీకుదాం అన్నోడిని ఆపేయండి. గ్లాస్ దించేటప్పుడు మూల కింద రాయి మీద ఆనకూడదు, స్టీల్ క్లాంపుకీ గ్లాసుకీ నడుమ రబ్బర్ లేకుండా బిగిస్తే ఏ నలుసూ అవసరంల్యా, అదే పగులుతుంది.

ఇప్పటికే బిగించేసినోళ్లు ఏం చేయాలంటే, బిగించిన గ్లాస్‌కు హీట్ సోక్ కుదరదు, విప్పి పంపించాల్సిందే. సేఫ్టీ ఫిల్మ్ అంటించుకోవచ్చు, పగిలితే చెల్లాచెదురు కాకుండా కొంత పట్టుకుంటుంది, కానీ మొత్తం షీటు అట్లే ఊడి కింద పడొచ్చు కూడా, అందుకే కింద కారు, ఉయ్యాల పెట్టబాకండి.

ఒకవేళ పగిలితే వెంటనే చీపురు పట్టుకోవద్దు. ఫ్రేమ్‌లో నిలబడి ఉంటే ముందు ఫోటో తీసి, పగుళ్లన్నీ యాడ నుంచి బయల్దేరినాయో చూడండి, అక్కడ సీతాకోకచిలుక రెక్కల మాదిరి రెండు పెద్ద ముక్కలు పక్కపక్కన ఉంటే, వాటి నడిమి గీత మీద చిన్న నల్ల చుక్క ఉంటే, అది ఆ నికెల్ సల్ఫైడ్ నలుసే కావచ్చు, షాపాయనకు చూపించే సాక్ష్యం అదే, గ్లౌజులేసుకోని ఆ రెండూ టేప్ అంటించి దాచిపెట్టండి. మా బావ అంతా ఊడ్చి చెత్త బండికి ఇచ్చేసినాడు, ఇంక షాపాయనతో ఏం పెట్టుకోని మాట్లాడేది.