విస్తళ్లు కుట్టే యూనిట్ కేంద్ర ప్రభుత్వ టెండరులో పాల్గొనడం ఎలా?

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమల్లోకి రావడంతో, అడ్డాకు విస్తళ్ల వంటి సరుకుకు కార్యాలయ క్యాంటీన్లలోనూ చోటు దొరుకుతోంది. అయితే పర్యావరణానికి మేలు చేసే సరుకైనంత మాత్రాన ప్రభుత్వం ఎక్కువ ధర చెల్లించదు. ఆ సంగతి గుర్తుంచుకునే టెండరులోకి దిగాలి.

ముందుగా చిన్న సంస్థల నమోదు కోసం కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దీనికి రుసుమేమీ లేదు, కాబట్టి మధ్యవర్తులకు డబ్బు ఇవ్వనక్కరలేదు. నమోదులో మీ యూనిట్‌ను తయారీ సంస్థగా, అదీ మీరు అమ్మదలచిన సరుకుకు సరిపోయే విభాగంలో చూపించడం ముఖ్యం. కొని అమ్మే వ్యాపారులకు కొనుగోలు రాయితీలు వర్తించవు. ఆ తరువాత ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్‌లో అమ్మకందారుగా చేరాలి.

సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2012లో వచ్చిన కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఈ సంస్థల నుంచే జరపాలి. అందులో ఎస్సీ, ఎస్టీల సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం కేటాయింపు ఉంది. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు, అంటే బిడ్‌తో పాటు కట్టే డిపాజిట్ నుంచి మినహాయింపు కూడా ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇనుప ఖనిజ సంస్థ ఎన్‌ఎండీసీకి, విశాఖ ఉక్కుకు ఇది వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ శాఖల టెండర్లకు మాత్రం ఆయా రాష్ట్రాల నిబంధనలు వేరుగా చూసుకోవాలి.

చాలామంది పొరబడేది ధర దగ్గరే. వంద విస్తళ్ల కట్టకు ఒక పెద్ద కంపెనీ 400 రూపాయలు కోట్ చేసి అతి తక్కువ ధరతో నిలిచిందనుకుందాం. మీ ధర 448 అయినా, అది 15 శాతం పరిధిలో, అంటే 460 లోపే ఉంది కనుక, మీరు కూడా 400కే ఇవ్వడానికి ఒప్పుకుంటే ఆర్డరులో 25 శాతం మీకు రావచ్చు. అర్హులైన చిన్న సంస్థలు ఇంకా ఉంటే ఆ వాటాను పంచుకోవాలి. 448 మాత్రం ఎవరూ ఇవ్వరు. అందుకే ఆకు సేకరణ కూలి, ప్రెస్సింగ్, ప్యాకింగ్, రవాణా అన్నీ లెక్కగట్టి, ఎంత వరకు దిగితే నష్టం రాదో బిడ్ వేయకముందే తేల్చుకోవాలి.

సరుకు పర్యావరణానికి చేసే మేలు పనికొచ్చేది టెండరులోని సాంకేతిక వివరణల భాగంలో. కొనుగోలుదారు ‘పేపర్ ప్లేట్లు’ అని మాత్రమే రాస్తే మీ విస్తళ్లు ఎంత మంచివైనా తిరస్కరణకు గురవుతాయి. బిడ్‌కు ముందు సందేహాలు అడిగే గడువులోనే, ప్లాస్టిక్ పూత లేని ఆకు పళ్లేలను కూడా అనుమతించమని రాతపూర్వకంగా కోరాలి. వ్యాసం, మందం, తేమ వంటి కొలతలను కూడా జతచేస్తే అధికారికి మార్పు చేయడం సులువవుతుంది.

సరుకు అందాక అంగీకార పత్రం వచ్చిందో లేదో వెంటపడి చూసుకోవాలి, బిల్లు కదిలేది దాని మీదే. చిన్న సంస్థల బకాయిని 45 రోజుల లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం చెబుతోంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ రాబట్టుకునేందుకు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.