బ్రిటన్‌లో రిడండెన్సీ తరువాత నిరుద్యోగ భృతి: నా అనుభవం

రిడండెన్సీ కింద, అంటే సంస్థకు ఆ పని అవసరం లేకపోయినందువల్ల, ఉద్యోగం పోతున్నదన్న నోటీసు అందేనాటికి మా పిల్లలిద్దరూ ప్రాథమిక పాఠశాలలో ఉన్నారు, నా భార్య ఉద్యోగం కొనసాగుతున్నది. కుటుంబ ఆదాయాన్నీ పొదుపునూ చూసి ప్రభుత్వం ఇచ్చే సహాయమైన యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు చేస్తే, మా ఇద్దరి పొదుపు కలిపి 16,000 పౌండ్లు దాటినందువల్ల తిరస్కరించారు. పునఃపరిశీలన కోరినా, మళ్లీ దరఖాస్తు చేసినా ఫలితం మారలేదు.

చివరకు పనిచేసింది న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ అనే నిరుద్యోగ భృతి. ఇది గత రెండు మూడేళ్లలో ఉద్యోగిగా చెల్లించిన నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వ సామాజిక బీమా) చందాల మీద ఆధారపడిన భృతి కనుక, పొదుపును గానీ జీవిత భాగస్వామి జీతాన్ని గానీ లెక్కలోకి తీసుకోరు. గరిష్ఠంగా 182 రోజులు ఇస్తారు.

ముందుగా నా నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డును ఆన్‌లైన్‌లో చూసుకుని, లోటు లేదని నిర్ధారించుకున్నాను. ఆ తరువాత పీ45లో (ఉద్యోగం వదిలినప్పుడు యజమాని ఇచ్చే పత్రంలో) ఉన్న చివరి పనిదినాన్నే దరఖాస్తులోనూ రాసి, రిడండెన్సీ పరిహారాన్నీ నోటీసు కాలానికి బదులుగా ఇచ్చిన జీతాన్నీ విడివిడిగా చూపాను, ఎందుకంటే రెండవది భృతి ప్రారంభాన్ని ఆలస్యం చేయగలదు. జాబ్‌సెంటర్‌లో (ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో) జరిగిన మొదటి సమావేశంలో, పిల్లలను బడికి దింపి తెచ్చే వేళలను చెప్పి, నేను పనిచేయగల గంటలను క్లెయిమెంట్ కమిట్‌మెంట్‌లోనే (భృతి పొందేందుకు నేను చేయవలసినవి రాసుకునే ఒప్పందంలోనే) రాయించుకున్నాను. తల్లిదండ్రులకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదేనని నా నమ్మకం.

స్వయం ఉపాధి మీద కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ చందాలు మాత్రమే ఉన్నవారికి ఈ దారి సాధారణంగా పనిచేయదు. గంటల విషయంలో నాకు దొరికిన వెసులుబాటు అందరికీ అదే తీరున దొరుకుతుందని కూడా చెప్పలేను.