కొండ మీద మంచి టీ పెట్టడం ఎలా?

బయట తాగితే ఏ టీ అయినా బాగానే ఉంటుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. రెండు గంటలు ఎక్కి, చెమట ఆరి, చల్లగాలికి వణుకుతూ కూర్చున్నవాడికి వేడిగా ఏది పోసినా అమృతంలాగే ఉంటుంది. ఆకలి రుచి ఎరగదు కదా. అదే టీని ఇంట్లో ఎవరైనా చేతికిస్తే రెండో గుక్క తాగరు.

నాతో నడకకు వచ్చేవాళ్ళని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. స్టవ్వు మంచిదే తెస్తారు, పొడి మంచిదే తెస్తారు, నీళ్ళు కూడా బాగానే కాస్తారు. స్టవ్వు ఆపేశాక వచ్చే ఐదు నిమిషాల్లో అంతా పాడు చేస్తారు. కాబట్టి ఇక్కడ ఎక్కువగా చెప్పబోయేది ఆ ఐదు నిమిషాల గురించే. మిగతాది గబగబా కానిచ్చేద్దాం.

సామాను

చిన్న గ్యాస్ స్టవ్వు, గ్యాస్ డబ్బా, లీటరు పట్టే గిన్నె, దానికి సరిగ్గా కూర్చునే మూత, మనిషికో గ్లాసు, చిన్న వడపోత జల్లెడ, చెంచా. లైటర్‌తో పాటు అగ్గిపెట్టె కూడా పెట్టుకోండి, తడిసిన లైటర్ అవసరానికి వెలగదు. వీటికి తోడు ఒక ఉన్ని టోపీ అదనంగా ఉండాలి. అది ఎందుకో తర్వాత చెప్తాను. మూత పోయిన గిన్నె అయితే దాన్ని ఇంట్లోనే వదిలేసి రండి.

పొడి 200 మిల్లీలీటర్ల నీళ్ళకి రెండు నుంచి మూడు గ్రాములు. నలుగురికి 800 మిల్లీలీటర్లు అనుకుంటే పది గ్రాములు సరిపోతుంది. ఏ పూటకి ఆ పూట ఇంట్లోనే కొలిచి పొట్లాలు కట్టుకోండి. గాలిలో డబ్బా మూత తీసి చెంచాతో కొలవబోతే సగం గడ్డి మీదికే పోతుంది.

టీ బ్యాగులు తేవద్దు. వాటి దారం గాలికి మంటలో పడుతుంది, లేబుల్ టీలో మునుగుతుంది. పైగా కాగితమే కదా అని పొదల్లో పారేస్తారు. చాలా బ్యాగుల అంచులు అతకడానికి ప్లాస్టిక్ కలుపుతారు, అది మట్టిలో కలవదు.

1. చోటు చూసుకోవడం

చదునైన రాయి, చుట్టూ ఎండుగడ్డి లేకుండా, గాలికి అడ్డంగా ఒక బండ. అంతే. మంట పెట్టకూడదని రాసి ఉన్న అడవిలో మంట పెట్టకండి, చిన్న స్టవ్వే కదా అని వాదించకండి. వాన వచ్చినా సరే, మూసిన టెంటులో మాత్రం స్టవ్వు వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్ర వస్తోందనుకుంటూనే మనిషి పోతాడు.

కట్టెల పొయ్యి బాగుంటుంది కదా అని అడుగుతారు. ఫోటోకి బాగుంటుంది. గిన్నె మసిబారుతుంది, మూత తీసినప్పుడల్లా పొగ టీలోకి దిగుతుంది, బూడిద రాత్రంతా లోపల కణకణలాడుతూనే ఉంటుంది. ఆ పొగ వాసన ఇష్టపడేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళ పక్కన కూర్చోను.

2. నీళ్ళు

మోసుకెళ్ళిన నీళ్ళయితే గొడవ లేదు. వాగు నీళ్ళయితే ముందు శుభ్రమైన గుడ్డలో వడకట్టి, బాగా తెర్లేదాకా కాచి, ఆ తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు. దీంతో క్రిములు చస్తాయి కానీ రసాయనాలు పోవు. కాబట్టి పొలాల కింద, గనుల కింద పారే నీళ్ళు ఎంత తేటగా కనిపించినా ముట్టుకోకండి. క్లోరిన్ బిళ్ళలు వేసిన నీళ్ళతో టీ పెడితే ఈతకొలను తాగినట్టే ఉంటుంది. ఎలాగూ కాస్తున్నప్పుడు బిళ్ళ ఎందుకు?

సున్నపురాయి ఉన్న కొండల్లో ఊట నీళ్ళు తాగడానికి బాగుంటాయి, టీకి బాగుండవు. ఆ నీళ్ళలో కాల్షియం ఎక్కువ. రంగు మసకబారి, పైన పలచగా తెట్టు కడుతుంది. గిన్నె సరిగ్గా కడగలేదని పక్కవాడిని తిట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

3. మరిగించడం

మూత పెట్టండి, మరిగించండి. చలి ఎక్కువగా ఉంటే గ్యాస్ డబ్బాని దారిలోనే జాకెట్టు లోపల పెట్టుకుని వెచ్చగా ఉంచండి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. అందుకే తెల్లవారుజామున డబ్బాలో గ్యాస్ ఉన్నా మంట రాదు, జనం డబ్బాని ఊపుతూ కూర్చుంటారు.

నీళ్ళు ఇంకా వేడెక్కుతుండగానే గ్లాసుల్లో తలా రెండు గుక్కల వేడినీళ్ళు పోసి పక్కన పెట్టండి. ఎందుకో వెంటనే తెలుస్తుంది.

4. టీ దిగనివ్వడం

ఇక అసలు విషయం. ఇక్కడ తొందరపడకండి.

నీళ్ళు మరిగాయంటే వంద డిగ్రీలు వచ్చాయని అందరూ అనుకుంటారు. సముద్రమట్టం దగ్గర అది నిజం. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, దాదాపు ప్రతి 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున మరిగే వేడి పడిపోతుంది. 1500 మీటర్ల దగ్గర 95, 3000 దగ్గర 90. ఎవరెస్ట్ శిఖరం మీద అయితే 70 దగ్గరే బుడగలు తేలతాయి. ఎంత మంట పెట్టినా నీళ్ళు ఆ గీత దాటవు, ఆవిరైపోతాయంతే. నల్ల టీ బాగా దిగాలంటే 95కి తగ్గకుండా ఉండాలి. అంటే మీరు కొండ మీద టీ మొదలుపెట్టేదే ఐదు, పది డిగ్రీల అప్పుతో. ఇక దాంట్లోంచి ఒక్క డిగ్రీ కూడా పోగొట్టుకునే స్తోమత మీకు లేదు.

జనం ఏం చేస్తారు? స్టవ్వు ఆపుతారు. చల్లటి స్టీలు గ్లాసులో పొడి వేసి నీళ్ళు పోస్తారు. స్టీలు సగం వేడి లాగేసుకుంటుంది, మిగిలింది గాలి ఊడ్చుకుపోతుంది. రెండు నిమిషాల తర్వాత చూస్తే రంగు రాలేదు. ఇంకా పొడి వేస్తారు. అప్పటికీ రాలేదని మొత్తం మళ్ళీ గిన్నెలో పోసి స్టవ్వెక్కించి కుతకుతా ఉడకబెడతారు. అప్పుడు రంగు వస్తుంది. రంగుతో పాటు నాలుక మీద గుడ్డ కప్పినట్టు వగరు కూడా వస్తుంది. దాన్ని కప్పెట్టడానికి చక్కెర గుమ్మరిస్తారు. ఇదంతా అయ్యాక కొండ మీద టీ అంటే ఇలాగే ఉంటుందని సర్దిచెప్పుకుంటారు.

నేను చేసేది ఇది. పొడి గ్లాసుల్లో కాదు, గిన్నెలోనే వేయండి. నాలుగు చిన్న గ్లాసుల్లో విడివిడిగా ఉన్న నీళ్ళకంటే ఒక్క చోట ఉన్న ముప్పావు లీటరు చాలా నిదానంగా చల్లారుతుంది. ఒక్కరే ఉన్నా అరలీటరుకి తక్కువ పెట్టవద్దు, రెండోసారి తాగండి. నీళ్ళు బాగా మరుగుతుండగా మంట తగ్గించి, పొడి వేసి, ఒక్కసారి కలిపి వెంటనే మూత పెట్టండి. 2000 మీటర్ల కింద అయితే ఆ క్షణమే స్టవ్వు ఆపండి. దాని పైన అయితే అతి సన్నని సెగ మీద అర నిమిషం ఉంచి ఆపండి. అర నిమిషమే. కబుర్లలో పడి మూడు నిమిషాలు ఉంచితే, పైన తిట్టినవాళ్ళకీ మీకూ తేడా లేదు.

ఆపాక గిన్నెను రాయి మీద దించవద్దు. నీడలో ఉన్న బండ ఎంత చల్లగా ఉంటుందో చేత్తో తాకి చూడండి, మీ టీ వేడి అంతా దాని కడుపులోకి పోతుంది. మడత పెట్టిన చాపో, కూర్చునే ఫోమ్ ముక్కో కింద వేసి గిన్నెను దాని మీద పెట్టండి. ఇప్పుడు తీయండి ఆ ఉన్ని టోపీ. గిన్నె మీద మూతతో సహా బోర్లించి చుట్టూ లాగండి. గిన్నె అడుగు నిప్పులా ఉంటుంది కాబట్టి స్టవ్వు ఆపాక పది సెకన్లు ఆగి చుట్టండి, ఫోమ్ కరగదు, టోపీ కమరదు. మేజోళ్ళు చుట్టవచ్చా అని ఒకాయన అడిగాడు. చుట్టవచ్చు, ఆ రోజు వేసుకున్నవి కాకపోతే.

గాలి గురించి ఒక హెచ్చరిక, ఇది నెత్తి మీద దెబ్బతో నేర్చుకున్నది. మంటకి గాలి తగలకూడదని ఒకసారి స్టవ్వు చుట్టూ, కింద గ్యాస్ డబ్బాతో సహా, అల్యూమినియం రేకు బిగించి కట్టాను. నీళ్ళు భలే త్వరగా మరిగాయి. రేకు తీయబోయి డబ్బాకి చేయి తగిలితే కాలింది. ఇంకాసేపు ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాడిని కాదు. డబ్బా మీదే బిగించే స్టవ్వు అయితే చుట్టూ రేకు ఎప్పుడూ కట్టవద్దు. గాలి వచ్చే వైపు మాత్రమే, జానెడు దూరంలో ఒక రాయో, సంచో అడ్డం పెట్టండి. డబ్బాని మధ్యమధ్య తాకి చూడండి, చేతికి వెచ్చగా తగిలితే వెంటనే ఆపేయండి.

ఇక ఐదు నిమిషాలు. నలిగిన సన్నపొడి అయితే నాలుగు చాలు. సీటీసీ పొడిని చులకనగా చూసేవాళ్ళు ఉన్నారు. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి అది, ఆకును నలిపి, చింపి, గుండ్రంగా చుడతారు. చిన్న గింజ కాబట్టి నీళ్ళకి తగిలే మేర ఎక్కువ, వేడి కాస్త తగ్గినా త్వరగా దిగుతుంది. కొండ మీద ఖరీదైన పెద్దాకు టీ కన్నా అదే నయం. బాగా ఎత్తుకు వెళ్ళేటప్పుడు నేను గ్రీన్ టీ పట్టుకెళ్తాను. దానికి కావాల్సింది 70 నుంచి 80 డిగ్రీలే. కింద చల్లార్చుకోవాల్సిన నీళ్ళు అక్కడ దాదాపు ఆ వేడిలోనే మరుగుతాయి. మూత తీసి కాసేపు ఆగితే సరిపోతుంది, టోపీ గోల కూడా లేదు.

ఈ ఐదు నిమిషాల్లో మూత తీసి చూడకండి. రంగు వచ్చిందా అని ఒకసారి, వాసన చూద్దామని ఒకసారి, ఫోటోకి ఒకసారి. తీసినప్పుడల్లా ఆవిరి, ఆవిరితో పాటు వేడి, సువాసన. చేతులు ఖాళీగా ఉంచలేని వాళ్ళకి నేను చెప్పేది, గిన్నెకి వీపు తిప్పి కూర్చోండని. మనం వచ్చిన సందడికి చుట్టుపక్కల పిట్టలన్నీ గప్‌చుప్ అయిపోయి ఉంటాయి. స్టవ్వు రొద కూడా ఆగి, ఎవరూ మాట్లాడకుండా మూడు నాలుగు నిమిషాలు గడిస్తే ముందు ఏదో ఒకటి పొదలోంచి పలుకుతుంది, తర్వాత ఇంకోటి. నేను బయట చూసిన మంచి పిట్టలు సగం ఇలా టీ దిగుతుండగా కనిపించినవే. ఒకసారి ముంగిస ఒకటి మా సంచుల దాకా వచ్చి వాసన చూసి పోయింది. అందుకే టైమర్ మోగేలా పెట్టకండి, వాచీ చూసుకోండి.

ఇంతకన్నా ఇంట్లోనే టీ కాచి ఫ్లాస్కులో పోసుకెళ్తే పోదా అంటారు. పోదు. ఫ్లాస్కు తప్పు కాదు. 1892లో జేమ్స్ డ్యూవార్ దాన్ని తయారుచేసింది ప్రయోగశాలలో అతి చల్లటి ద్రవాల కోసం, టీ కోసం కాదు. మూడు గంటలు వేడిగా మగ్గిన టీకి సువాసన పోయి, రంగు ముదిరి, మూత రబ్బరు వాసన మిగులుతుంది. పాలు కలిపి ఉంటే ఇంకా అధ్వానం. మంట పెట్టకూడని చోటుకి ఫ్లాస్కులో మరిగిన నీళ్ళు మాత్రమే పట్టుకెళ్ళండి. ముందు ఫ్లాస్కునీ వేడినీళ్ళతో కడిగి వెచ్చబెట్టి, నిండుగా పోయండి. సగం పోస్తే త్వరగా చల్లారుతుంది. పొడి అక్కడికి వెళ్ళాక వేసుకోండి.

5. వడకట్టడం, పాలు, చక్కెర

గ్లాసుల్లో వెచ్చబడ్డ నీళ్ళు పారబోసి టీ వడకట్టండి. మొత్తం ఒకేసారి వడకట్టేయండి. రెండో రౌండుకని పొడిని గిన్నెలోనే వదిలేస్తే అది చేదు కషాయం అవుతుంది.

పాలపొడి వేడి టీలో నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. ముందు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళలో మెత్తగా కలిపి, ఆ ముద్దను గ్లాసులో వేయండి. గిన్నెలో మాత్రం పాలు కలపకండి, అడుగంటుతుంది, దాన్ని తోమడానికి మళ్ళీ నీళ్ళు కావాలి. చక్కెర ఎవరిది వాళ్ళు వేసుకుంటారు. అందరికీ ఒకే తీపి అనేవాళ్ళతో నాకు పేచీ.

6. సర్దుకోవడం

వడకట్టిన పిప్పి ఆకే కదా, మట్టిలో కలిసిపోతుందని చెట్టు మొదట్లో పోసేస్తారు. కలుస్తుంది, కానీ నెమ్మదిగా. అదే బండ దగ్గర రోజూ పదిమంది పోస్తే అక్కడ ఉండేది నల్లటి దిబ్బే. పిండేసి, మూత గట్టిగా పడే డబ్బాలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళండి. మీ కుండీలో వేసుకోండి, అక్కడ దానికి పని ఉంది.

గిన్నె వాగులో ముంచి తోమవద్దు. నీళ్ళు ముంచుకుని, వాగుకి కనీసం 60 మీటర్ల దూరం వచ్చి, సబ్బు లేకుండా కడిగి, ఆ నీళ్ళు వెడల్పుగా చిమ్మండి. స్టవ్వు పూర్తిగా చల్లారాకే డబ్బా నుంచి విప్పండి, విప్పేటప్పుడు తుస్సుమంటే కంగారు పడకండి. టోపీ తడిగా ఉంటుంది. దాన్ని సంచి బయట కట్టుకోండి, దిగేలోపు ఆరిపోతుంది.