పాత కేబుళ్ళు, అడాప్టర్లు, పార్టులు: ఇంట్లో సర్ది దాచుకునే పద్ధతి

సజ్జ మీది పెట్టె దించి, నేల మీద పాత దుప్పటి పరిచి, ఉన్నదంతా కుమ్మరించండి. పెట్టెలోంచి ఒక్కొక్కటీ తీస్తూ సర్దితే పని తెమలదు. అన్నీ ఒకేసారి కళ్ళ ముందుంటేనే ఒకే రకం కేబుల్ ఏడెనిమిది ఉన్న సంగతి బయటపడుతుంది. చిక్కులు విప్పేటప్పుడు కొస పట్టుకుని లాగకండి. లోపలి సన్నటి రాగి పోగులు ముందుగా తెగేది కనెక్టర్ మెడ దగ్గరే. వైరు పైకి బాగానే కనిపిస్తుంది, కదిలిస్తే మాత్రం కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది.

ముందు అడాప్టర్లన్నీ ఒక పక్కన పెట్టండి. ఎక్కువ సమయం వీటికే ఇవ్వాలి. తప్పు డేటా కేబుల్ పెడితే పని చేయదు, అంతే. తప్పు అడాప్టర్ పెడితే వస్తువే కాలిపోతుంది. రౌటర్లకు వచ్చే గుండ్రటి పిన్ను బయటి కొలత చాలావాటికి 5.5 మిల్లీమీటర్లు. అదే పిన్ను 5 వోల్టుల అడాప్టర్‌కీ ఉంటుంది, 9కీ 12కీ ఉంటుంది, 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్‌కీ ఉండొచ్చు. దూరింది కదా అని స్విచ్ వేయకూడదు.

అడాప్టర్ వెనక ‘అవుట్‌పుట్’ అని ఉన్న వరస చదవండి. వోల్టులు వస్తువు అడిగినన్నే ఉండాలి. ఆంపియర్లు అడిగినన్ని ఉండాలి, ఎక్కువున్నా ఫరవాలేదు. 12 వోల్టులు 1 ఆంపియర్ రౌటర్‌కి 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ నిశ్చింతగా పెట్టొచ్చు, తనకు కావలసినంతే తీసుకుంటుంది. తిరగేసి 2 ఆంపియర్లు అడిగేదానికి 1 ఆంపియర్‌ది పెడితే అడాప్టర్ కాలిపోయేంత వేడెక్కొచ్చు, రౌటర్ మాటిమాటికీ రీస్టార్ట్ కావొచ్చు. చాలామంది అది నెట్ సమస్య అనుకుంటారు. మూడోది, చిన్న వలయం మధ్యలో చుక్కతో ఉండే బొమ్మ. ప్లస్ గుర్తు మధ్య చుక్కకు కలిసి ఉందా, బయటి వలయానికి కలిసి ఉందా అన్నది రెండు వస్తువుల మీదా ఒకేలా ఉండాలి.

ఆ నల్ల ప్లాస్టిక్ మీది బూడిదరంగు అక్షరాలు నాలుగేళ్ళకు చెరిగిపోతాయి. అందుకే చిన్న కాగితం ముక్క మీద పర్మనెంట్ మార్కర్‌తో ‘హాల్ రౌటర్, 12 వోల్టులు, 1 ఆంపియర్, 2021’ అని రాసి, పిన్నుకి జానెడు దూరంలో వైరు చుట్టూ జెండాలా మడిచి, పైన పారదర్శక టేపు అంటించండి. ఈ పని వస్తువు నుంచి పిన్ను పీకిన రోజునే చేయాలి. నెల్లాళ్ళు పోతే ఏది దేనిదో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఇంత జాగ్రత్తా అవసరమైన మరో వస్తువు, విడదీసే కేబుళ్ళున్న మాడ్యులర్ ఎస్ఎంపీఎస్, అంటే డెస్క్‌టాప్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా. దాని కేబుల్ హార్డ్ డిస్క్ వైపు అన్నిటికీ ఒకటే. ఎస్ఎంపీఎస్ వైపు మాత్రం పిన్నుల వరస కంపెనీకో తీరు, ఒకే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ 5 వోల్టులు రావలసిన తీగలో 12 వోల్టులు వస్తే ఆన్ చేసిన క్షణంలోనే డిస్క్ పోతుంది. ఈ కేబుళ్ళను విడిగా జిప్ కవర్‌లో వేసి, మోడల్ పేరు పూర్తిగా రాయండి. ఎస్ఎంపీఎస్ పోయి పారేస్తే దాని కేబుళ్ళు కూడా పారేయాల్సిందే.

డేటా కేబుళ్ళకు ఇంత శ్రమ లేదు. ల్యాన్ కేబుల్ (రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వేసే నెట్ వైరు) తొడుగు మీదే దాని రకం ‘క్యాట్ 5ఈ’, ‘క్యాట్ 6’ అని అచ్చు వేసి ఉంటుంది. యూఎస్‌బీ-సి కేబుళ్ళే మోసం చేస్తాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 60 వాట్లకు మించి ఛార్జింగ్ అందాలంటే కేబుల్ కొసలో ప్రత్యేక చిప్ ఉండాలి. ఫోన్లతో వచ్చేవాటిలో చాలావాటి డేటా వేగం పాత యూఎస్‌బీ 2 వేగమే. పెద్ద వీడియో ఒకటి కాపీ చేసి చూసి, వేగంగా వెళ్ళినవాటికి గుర్తు పెట్టండి. అసలు కాపీ కాకపోతే అది ఛార్జింగ్‌కే పనికొచ్చేది, ఆ మాటే రాయండి.

ఎన్ని ఉంచాలి? డెస్క్‌టాప్ పవర్ కేబుళ్ళు రెండు, హెచ్‌డీఎంఐ రెండు, ల్యాన్ మూడు, హార్డ్ డిస్క్‌ను మదర్‌బోర్డుకి కలిపే సాటా రెండు, ప్రింటర్ కేబుల్ ఒకటి చాలు. వీజీఏ ఇంట్లో పాత మానిటరో ప్రొజెక్టరో ఉంటేనే.

చుట్టేటప్పుడు మోచేతికీ అరచేతికీ మధ్య తాడులా చుట్టకండి, ప్రతి చుట్టుకీ వైరు ఒక మెలిక తిరుగుతుంది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతిది మణికట్టు లోపలికి తిప్పి వేస్తే మెలికలు ఒకదానికొకటి సరిపోతాయి. అడాప్టర్ ఒంటికే బిగించి చుడితే వైరు మొదలు దగ్గర విరుగుతుంది. కట్టడానికి వెల్‌క్రో పట్టీలు వాడండి. రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు మెత్తబడి వైరుకి అంటుకుపోతాయి. థర్మోకోల్ మీద కూడా కేబుళ్ళు పెట్టకండి. వైరు తొడుగులోని నూనెలాంటి పదార్థం థర్మోకోల్‌ను కరిగించి, వైరు ఆకారంలోనే గాడి చేస్తుంది.

ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు వెండిరంగు యాంటీస్టాటిక్ కవర్లలో, అంటే స్టాటిక్ (స్థిర విద్యుత్తు) తగలకుండా కాపాడే కవర్లలో ఉండాలి. గులాబీరంగు కవరు తనంతట తాను స్టాటిక్ పుట్టించదు, కానీ బయటినుంచి వచ్చేదాన్ని ఆపడం దానివల్ల కాదు. మామూలు పాలిథీన్ కవరు అసలు వద్దు. వెండిరంగు కవరు మీద బోర్డు పెట్టి కరెంటు మాత్రం ఇవ్వకండి, దాని గుండా కరెంటు పారొచ్చు. ర్యామ్ స్టిక్కర్ మీద పీసీ3, పీసీ3ఎల్, పీసీ4 అని ఉన్నది కవరు పైన రాయండి. ఆ ‘ఎల్’ అక్షరం ముఖ్యం, అది తక్కువ వోల్టుల (1.35) ర్యామ్‌కి గుర్తు. 1.35 వోల్టులు అడిగే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టుల పీసీ3 ర్యామ్ వేస్తే స్క్రీనే రాకపోవచ్చు.

పాత మదర్‌బోర్డులోని సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ తీసేయండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులో తీవ్రంగా కాలే ప్రమాదం ఉంది. వాళ్ళ చేతికి అందే చోట ఒక్కటి కూడా ఉండకూడదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ దాచాలంటే సగం ఛార్జింగ్‌తో చల్లటి అలమరలో పెట్టండి. మే నెలలో డాబా స్లాబు కింద సజ్జ దానికి చోటు కాదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, ఇంట్లో ఉంచకండి.

పెట్టె విషయానికొస్తే, అట్టపెట్టెను ఎలుకలు కొరుకుతాయి, చెమ్మ పీల్చుకుంటుంది. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు మూడు తీసుకోండి: అడాప్టర్లకు, కేబుళ్ళకు, పార్టులకు. పేరు మూత మీద కాకుండా పక్కన రాయండి, ఒకదానిమీద ఒకటి పెట్టినా కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో కనెక్టర్లకు చిలుము పడుతుంది కాబట్టి పార్టుల డబ్బాలో సిలికా జెల్ తప్పనిసరి.

మిగిలినదాన్ని వైర్లు కాల్చి రాగి తీసే చోటికి పంపకండి, ఆ పొగ విషం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకు, లేదా కంపెనీల సేకరణ కేంద్రాలకు ఇవ్వండి. ఇచ్చేముందు హార్డ్ డిస్క్‌లోని ఫొటోలు, ఆధార్ కాపీలు వేరే చోటికి కాపీ చేసుకుని, డిస్క్ మొత్తం ఒకసారి ఓవర్‌రైట్ చేయండి, అంటే పాత డేటా మీద వేరే డేటా రాయించండి. ఫైళ్ళు డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా మళ్ళీ బయటికి తీయొచ్చు.